ముదరని పెసరకాయలు

ఆ ఏడు చక్కెర మిల్లు ముందుగానే ఆగిపోయింది. చెరకు నరుకుడు అయిపోయాక మళ్ళీ మిల్లు తిరిగేదాకా ఉండే నెలల్ని మా నీగ్రోస్ దీవిలో చచ్చినకాలం అంటారు. కూలి ఉండదు. అప్పు పుట్టదు. మగవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని దోమల్ని కొట్టుకుంటారు. ఆడవాళ్ళు పొగ వాసన పట్టి ఎవరింట్లో పొయ్యి వెలిగిందో, ఎవరింట్లో వెలగలేదో చెప్పుకుంటారు. వాసన పట్టడంలో మా ఎస్టేటు కూలీల ఇళ్ళ లైన్లలో నన్ను మించినవాళ్ళు లేరు. నాకు నాలుగేళ్ళప్పుడు తట్టు పోసి కళ్ళు పోయాయి. అప్పటినుంచీ లోకం నాకు చప్పుళ్ళుగా, వాసనలుగా, చేతికి తగిలే వస్తువులుగా మిగిలింది.

సరిగ్గా ఆ చచ్చినకాలంలోనే నాకు కాలేజీలో సీటొచ్చింది.

కబురు తెచ్చింది ఫిలోమెనా టీచర్. నాకు వేళ్ళతో చుక్కల లిపి చదవడం నేర్పి, హైస్కూలు పుస్తకాలన్నీ గొంతు బొంగురుపోయేలా చదివి వినిపించింది ఆవిడే. వానలో నడిచొచ్చి, బురద చెప్పులతోనే, గుంజల మీద కట్టిన మా ఇంటి వెదురు నేల మీదికి ఎక్కేసింది.

"ఎర్మీ! బకోలోడ్‌లో సీటు! టీచర్ ట్రైనింగే, నువ్వడిగిందే!"

అమ్మ చేతిలోని గరిటె కింద పడిన చప్పుడు విన్నాను. నాన్న మాత్రం ముందు అడగాల్సింది అడిగాడు.

"ఫీజెంత టీచరమ్మా?"

"ఫీజు లేదు పోల్దో. సర్కారు కాలేజీ. చిల్లిగవ్వ కట్టక్కర్లేదు."

"అయితే ఇంకేం!" నాన్న గట్టిగా నవ్వి, పక్కనున్న దామాసో అన్నయ్య వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఈ లైన్లలోంచి కాలేజీ మెట్టెక్కే మొదటి మనిషి మా పిల్లన్నమాట. కళ్ళున్న గాడిదలన్నీ ఇక్కడే మేస్తున్నాయి."

"ఆ గాడిద నేనేనా నాన్నా?" అన్నాడు అన్నయ్య.

"ఇంకెవడురా?"

మాడబెట్టిన బియ్యంతో కాచిన కాఫీలో అమ్మ ఆ రోజు ఇంట్లో ఉన్న పంచదారంతా వేసేసింది. చెరకు పండించే ఊళ్ళో పంచదార దాచుకుని తాగడమేమిటని ఎవరూ నవ్వలేదు. మాకది అలవాటే.

*

వారం తిరక్కుండా నాన్న నన్ను తీసుకుని బకోలోడ్ పట్నం వెళ్ళాడు. కాలేజీలో విద్యార్థుల బాగోగులు చూసే ఆఫీసరు ఒకావిడ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆవిడ గదిలో ఫ్యాను టకటకలాడుతూ తిరుగుతోంది.

"అమ్మాయి మెట్లెక్కగలదా?" అని నాన్ననడిగింది.

"పోయినవి కళ్ళమ్మా. కాళ్ళు వాళ్ళమ్మ పోలిక, బాగానే ఉన్నాయి."

"బాత్రూముకి తనంతట తాను వెళ్ళగలదా?"

నాన్న కుర్చీ కిర్రుమంది. "తను ఇక్కడే కూర్చునుంది కదా. చెవులు కూడా పనిచేస్తాయి. తననే అడగండి."

అప్పుడావిడ గొంతు నావైపు తిరిగింది, అదీ చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు పెద్దగా. "చూడమ్మా, నిన్ను కాదనడానికి మాకు వీల్లేదు, చట్టం ఉంది. కానీ నిన్ను చూసుకోడానికి మా దగ్గర మనుషుల్లేరు. క్లాసులన్నీ మూడో అంతస్తు. హాస్టల్లో ఒక్కదాన్నే పెట్టుకోలేం, రేపేదైనా అయితే ఎవరిది పూచీ? మొదటి రెండేళ్ళూ ఇంటినుంచి ఒక మనిషి రోజూ తోడుండాలి. పుస్తకాలు నీ లిపిలో లేవు. చదివి వినిపించే మనిషినీ, మాటలు రికార్డు చేసుకునే మిషన్నీ మీరే చూసుకోవాలి."

నేనేదో అనబోయేలోగా ఆవిడ గొంతు తగ్గించి మళ్ళీ నాన్నతో మొదలుపెట్టింది. "చూపులేనివాళ్ళకి మసాజ్ నేర్పిస్తున్నారు తెలుసా? మూడు నెలలే. భోజనం పెట్టి మరీ నేర్పుతారు. తర్వాత మాల్‌లో పని. రోజూ డబ్బులు కళ్ళజూస్తారు. మీలాంటి ఇంటికి అదే మేలు కదండీ."

ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

బయటికొచ్చాక నాన్న పాకంలో వేయించి పుల్లకి గుచ్చిన అరటిపళ్ళు కొని సగం నాకిచ్చాడు. తన సగం తిన్న చప్పుడు రాలేదు.

"ఫీజు లేదన్నారు," అన్నాడు.

"గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు నాన్నా," అన్నాను, నవ్విద్దామని.

నాన్న నవ్వలేదు. నా చేతిలో తన సగం కూడా పెట్టేసి, "తిను, చల్లారిపోతుంది," అన్నాడు.

*

తోడు రాగల మనిషి ఎవరు? అమ్మ తప్ప లేదు. అమ్మ వస్తే ఆమె బట్టలుతికి తెచ్చే కూలి పోతుంది. ఇద్దరికీ పట్నంలో గది కావాలి, తిండి కావాలి. ఆ రాత్రినుంచీ మా ఇంట్లో అందరూ ఇదే లెక్క ఎవరి తలలో వాళ్ళు వేసుకున్నారు. ఎవరికీ తెగలేదు. మాకున్నదల్లా ఎకరంన్నర పొలం.

ఆ పొలం దొర ఎస్టేటు నడిబొడ్డున ఉంది. భూపంపిణీలో మాకు రావాల్సినది రాకుండా దొర ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిప్పాడు. మావాళ్ళు ఎస్టేటు గేటు ముందు గుడిసెలేసుకుని కూర్చున్నారు. ఆ గుడిసెల్లోనే అమ్మ తమ్ముడు క్రిస్పిన్ మామయ్యని తుపాకీతో కాల్చి చంపారు. ఎవరు కాల్చారో ఊరందరికీ తెలుసు, పోలీసులకే తెలియలేదు. మామయ్య పోయిన మరుసటేడు పొలం మా చేతికొచ్చింది. పట్టాలో నాన్న పేరూ అమ్మ పేరూ రెండూ ఉన్నాయి. అన్నయ్య దాన్లో చెరకు వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. పల్లపు వైపు వరి, మెట్ట వైపు పెసలు. ఆ ఏడు పెసర చేను మోకాలెత్తు పెరిగి, కాయ పట్టింది.

"నేను మసాజ్ నేర్చుకుంటాను," అన్నాను ఒక మధ్యాహ్నం, ఉడికించిన కర్రపెండలం తింటున్నప్పుడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "నువ్వా? పిండి పిసకమంటే సగం నేల పాలు చేస్తావు. ఎవడి వెన్నెముకో నీ చేతిలో ఊడొస్తే మేం జైల్లో కూర్చోవాలి."

అమ్మ ఫక్కున నవ్వింది. అన్నయ్య కూడా. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు పూర్తికాకుండానే తెగింది.

"అది తప్పేమీ కాదు నాన్నా. తిండి పెట్టి నేర్పుతారట."

"తప్పని ఎవరన్నారు? నీకిష్టమైతే చెప్పు, రేపే దిగబెడతాను. ఇష్టమా?"

నేను నోట్లోని ముద్ద నములుతూ కూర్చున్నాను. లైన్లలోని పిల్లల్ని సాయంత్రాలు మా ఇంటి కింద పోగేసి లెక్కలు చెప్పేదాన్ని. కూడికలు రాని పిల్లకి వచ్చేలా చెప్పి, ఆ పిల్ల "ఓ!" అన్నప్పుడు నాకు కలిగే సంతోషం ఇంకెందులోనూ కలగలేదు. నాన్నకది తెలుసు. అందుకే జవాబు కోసం ఆగలేదు.

తరువాత మునిసిపాలిటీ వాళ్ళు మసాజ్ ట్రైనింగ్‌కి పేర్లు రాసుకోడానికి లైన్లలోకి వచ్చారు. నేను నా పేరు చెప్పాను. లోపలినుంచి నాన్న వచ్చి, "అది కొట్టెయ్యండి," అని మాత్రం చెప్పి, మళ్ళీ లోపలికెళ్ళిపోయాడు.

*

మేనేజరు మెలేసియో వచ్చింది ఆ తర్వాతే. దొర తరఫు పనులన్నీ అతనే చూస్తాడు. ఏటా చచ్చినకాలంలో మోటారుసైకిలేసుకుని లైన్లన్నీ తిరుగుతాడు, ఎవరింట్లో కుండ ఖాళీ అయిందో చూసుకుంటూ.

"పోల్దో, దొరగారి చెరకు మధ్యలో నీ పొలం ఊడిన పన్ను సందులా ఉందయ్యా. చూడ్డానికే బాగాలేదు. పదేళ్ళకి కౌలుకియ్యి. డబ్బంతా ముందే చేతిలో పెడతాం. పదేళ్ళయ్యాక నీ పొలం నీదే, ఎక్కడికి పోతుంది?"

"పన్ను సందు కాదు మెలేసియో," అన్నాడు అన్నయ్య మెట్ల మీదనుంచి. "మీ దొర గొంతులో ముల్లు."

"ముల్లుదేముందిలే బాబూ, అన్నం ముద్ద మింగితే దిగిపోతుంది. ఆ ముద్దేదీ, మీ ఇంట్లో?"

అన్నయ్య లేచిన చప్పుడైంది. "దామాసో!" అని అమ్మ గట్టిగా అరిచింది. అన్నయ్య అడుగులు వెనక్కి తగ్గాయి.

ఏటా ఈ మనిషి వస్తాడు, ఏటా అతని మొదటి మాట పూర్తికాకుండానే నాన్న "దారి అటు," అంటాడు. ఆ ఏడు ఆ మాట వినబడలేదు. నాన్న లేచి లోపలికెళ్ళి కప్పు కడిగాడు.

"కాఫీ తాగి వెళ్ళు," అన్నాడు.

*

వానలు ముదిరాయి. ఏటి ఒడ్డున ఇసకెత్తే పని దొరికిందని అన్నయ్య నాలుగైదు రోజులకని వెళ్ళాడు. ఆ మరుసటి ఉదయం నాన్న నన్ను లేపాడు.

"పద తల్లీ, చేనుకి. నీ చేతులు కూడా కావాలి."

అమ్మ ముందే వెళ్ళిపోయింది. నేను నాన్న మోచెయ్యి పట్టుకుని గట్టు వెంట నడిచాను. వాన వెలిసి, మట్టి ఇంకా మెత్తగా ఉంది. చేను అంచున నాన్న నా నడుముకి సంచీ కట్టి, ఒక సాలు మొదట్లో నిలబెట్టాడు. కాయ కోయడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. వంగి మొక్క పట్టుకుని చేత్తో తడుముతూ పోవాలి. ఎండిన కాయ గరగరలాడుతూ వేలికి తగులుతుంది, ముట్టుకోగానే చేతికొస్తుంది. పచ్చికాయ మెత్తగా నూగుతో ఉంటుంది. దాన్ని వదిలేసి వారం ఆగి మళ్ళీ రావాలి.

నా చేతికన్నీ పచ్చికాయలే తగిలాయి. సాలు పొడుగునా తడిమాను. ఎండినవి ఎక్కడో ఒకటీ అరా.

"నాన్నా, ఇవి ముదరలేదు."

"తెలుసు."

"ఇంకో రెండు వారాలన్నా ఆగాలి."

"కొయ్యి తల్లీ."

రెండు సాళ్ళవతల అమ్మ కోస్తోంది. ఆమె చేతులు ఆగకుండా పనిచేస్తున్నాయి. పచ్చికాయ తెంపితే చిన్నగా టప్‌మంటుంది. ఆ చప్పుడు ఎక్కడా ఆగడం లేదు. అమ్మ పొలంలో ఉన్నప్పుడు తమ్ముడితో మాట్లాడుతుంది. "క్రిస్పిన్, ఈ ఏడు పురుగు తక్కువరా," అనో, "నీ మేనల్లుడు గట్టు సరిగ్గా వెయ్యలేదు చూడు," అనో, అతను పక్కనే ఉన్నట్టు. ఆ రోజు ఒక్క మాట లేదు.

"ట్రాక్టరు ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

"సోమవారం," అంది అమ్మ.

నేను మళ్ళీ వంగాను. సంచీ నిండేదాకా కోశాను, నిండాక నాన్న వచ్చి గోనెలో పోసుకుని ఖాళీ సంచీ ఇచ్చాడు, మళ్ళీ కోశాను. పచ్చి పెసర వాసన చేతులకంటుకుని రెండు రోజులదాకా పోలేదు.

*

అన్నయ్య శనివారం తిరిగొచ్చాడు. మెట్ల కిందే ఆగిపోయాడు. గోనెలు అక్కడే పెట్టి ఉన్నాయి. కాయలు కిందపోసి ఆరబెడదామన్నా ఎండ లేదు. అవప్పటికే వేడెక్కి పులిసిన వాసనేస్తున్నాయి.

ఒక గుప్పెడు తీశాడు కాబోలు, కాయలు నేల మీద రాలాయి.

"ఎన్నేళ్ళకిచ్చావు?"

"పదేళ్ళు," అన్నాడు నాన్న.

"నన్నడగలేదు."

"అడిగితే ఏమంటావో తెలుసు కనుక అడగలేదు."

"అమ్మా, నువ్వూ వేలిముద్ర వేశావా? మామయ్యని చంపినవాళ్ళ కాగితం మీద?"

అన్నయ్య గొంతు నాన్నవైపు తిరిగింది.

"నాన్నా, దీనికి తట్టు పోసి ఒళ్ళు కాలిపోతుంటే ఆసుపత్రికి జీపివ్వమని వాళ్ళ వరండాలో పగలంతా నిలబడ్డావట కదా. చెరకు తోలకం ఉందన్నారట కదా. వాళ్ళకా నువ్వు పొలమిచ్చింది?"

అంతవరకూ నాకా సంగతి తెలియదు. మా ఇంట్లో నా కళ్ళ గురించి ఎప్పుడూ తట్టు అనే అన్నారు, జీపు అనలేదు.

"వాళ్ళకివ్వలేదురా," అన్నాడు నాన్న. గొంతులో కోపం లేదు. "దీనికిచ్చాను."

"మరి నాకు?"

ఇరవై నాలుగేళ్ళ మనిషి, పొద్దు పొడవకముందే లేచి ఆ గట్లన్నీ ఒంటిచేత్తో పోసినవాడు, చిన్నపిల్లాడిలా అడిగాడు. నేను మెట్లు దిగి అతని చెయ్యి కోసం వెతికాను. దొరికింది. ఇసక ఇంకా అంటుకునుంది. అతను విదిలించుకోలేదు. కాసేపు అలాగే ఉంచి, మెల్లగా విడిపించుకున్నాడు.

"నీ మీద కోపం లేదు ఎర్మీ," అన్నాడు. "నువ్వు చదువుకో. నీ పేరు చెప్పి చేశారు కదా, నువ్వు చదవకపోతే అది ఇంకా దండగ."

బట్టలు ఒక సంచీలో వేసుకున్నాడు. అమ్మ పెట్టిన గంజి తాగాడు. తాగిన గిన్నె కడిగి బోర్లించాడు. మిండనావ్ దీవిలో అరటి తోటల పనికి మనుషుల్ని ఎక్కించుకుపోయే పడవ ఆ వారమే ఉందని అతనికి ఇసక దగ్గరే తెలిసిందట. వెళ్ళేటప్పుడు నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఒకరినొకరు దాటుకున్నప్పుడు వెదురు నేల కిర్రుమంది.

అన్నయ్య ఇప్పటికీ మిండనావ్‌లోనే ఉన్నాడు. క్రిస్మస్‌కి అమ్మకి ఫోను చేస్తాడు. నాతోనూ మాట్లాడతాడు, బడి పిల్లలు ఎలా చదువుతున్నారని అడుగుతాడు. నాన్న దగ్గరికి ఫోను తీసుకెళ్ళేలోగా పెట్టేస్తాడు. నేను కాలేజీ పూర్తిచేశాను. ఉద్యోగం కోసం ఎక్కిన గుమ్మాలన్నిట్లోనూ మెట్లెక్కగలవా అనే అడిగారు. చివరికి కొండవైపు ఊళ్ళో ఒక చిన్న బడి నన్ను తీసుకుంది. కౌలు గడువు ఇంకా తీరలేదు. తీరినా మా పొలం మాకు మళ్ళీ దక్కుతుందని లైన్లలో ఎవరూ అనుకోవడం లేదు. చెరకు వేళ్ళు దిగిన నేలలో హద్దురాళ్ళు మిగలవు.

*

అమ్మా నేనూ కాలేజీకి బయల్దేరిన రోజుకి ట్రాక్టరు దున్నిపోయి చాలా రోజులైంది. నాన్న పొద్దున్నే లేచి మా మూట కట్టాడు. రోడ్డు దాకా రాలేనన్నాడు.

"చర్చి పైకప్పు బాగుచేసే పనుంది తల్లీ. పొద్దెక్కితే వేరేవాణ్ణి పెట్టుకుంటారు. మీరెళ్ళండి."

నా తలమీద చెయ్యి వేశాడు. వేసి, "మెట్లెక్కేప్పుడు చూసుకో," అని, తనన్న మాటకి తనే కొంచెం నవ్వి, వెళ్ళిపోయాడు.

ఊళ్ళ మధ్య తిరిగే జీప్నీ బండిలో అమ్మ నన్ను అంచు సీట్లో, తనకి ఆనుకునేలా కూర్చోబెట్టుకుంది. బండెక్కితే అమ్మ నాకు దారంతా చెబుతుంది. ఆ రోజు కూడా మొదలుపెట్టింది.

"చర్చి దాటుతున్నాం. మెట్ల మీద కొవ్వొత్తులమ్మే ముసలమ్మ కూర్చునే నిద్రపోతోంది. మెలేసియో ఇంటి గోడకి కొత్త రంగేశారు, పచ్చది, అస్సలు బాగాలేదు. ఎవరిదో గేదె రోడ్డుకడ్డంగా... ఆఁ, లేచింది. పిల్లకాయలు బురదలో కొట్టుకుంటున్నారు, ఒకడికి లాగు లేదు."

"చర్చి పైకప్పు మీద నాన్న కనిపించాడా?"

"బండి జోరుగా పోయింది. చూళ్ళేదు."

ఆ తర్వాత అమ్మ ఆగిపోయింది.

బండి బురదలో మెల్లగా పోతోంది. ఎడమవైపునుంచి తిరగేసిన మట్టి వాసనొచ్చింది. చెరకు ముక్కలు సాళ్ళలో పడేస్తున్న చప్పుడు, మేస్త్రి అదిలింపు, నాటేవాళ్ళ మాటలు. డ్రైవరు బండి ఇంకొంచెం నెమ్మది చేసి, హారను కొట్టి, అటువైపు తల బయటపెట్టి అరిచాడు.

"ఓయ్, పోల్దో! మీవాళ్ళు పోతున్నారయ్యా! చెయ్యన్నా ఊపు!"

అటునుంచి ఎవరూ పలకలేదు. చెరకు ముక్కలు పడుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. అమ్మ చెయ్యి నా చేతిమీద ఉంది, కదల్లేదు. నేనూ ఏమీ అడగలేదు. మా పొలం రోడ్డు పక్కన ఎంత పొడుగుందో నేను ఎన్నడూ చూళ్ళేదు. ఆ రోజు అమ్మ మాట్లాడకుండా కూర్చున్నంత పొడుగని తెలిసింది.

బండి చక్రాల కింద చెక్కలు గడగడలాడాయి.

"వంతెన వచ్చింది," అంది అమ్మ. "ఏట్లో నీళ్ళు బాగానే ఉన్నాయి."